శ్రమల దినాల పూలు

శ్రమల దినాల్లో, అంటే ఈస్టరుకి ముందు నలభై రోజులూ, మా ఇంట్లో ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, ఆవిడ కాలం నించీ వస్తున్న అలవాటు ఇది. భస్మ బుధవారం నాడు తీసేసిన పూలు మళ్ళీ ఈస్టరు తెల్లవారి సమాధుల తోటకి వెళ్ళొచ్చేకే తలకెక్కుతాయి. చిక్కల్లా ఏమిటంటే మా కోనసీమలో పూలు విరగబూసేది సరిగ్గా ఆ రోజుల్లోనే. మల్లెపొద ఆగమంటే ఆగదు కదా. తలలోకి పోని పూలు, గుడికి కూడా పోని పూలు, బుట్టలకి బుట్టలు అరుగు మీదకి వచ్చి పడేవి. వాటిని మామ్మ వృథా పోనిచ్చేది కాదు. అవన్నీ మా చదువుకి వచ్చేవి. దేవుడు నాకు అక్షరాల కన్నా ముందు పూలని ఇచ్చేడని నేను ఇప్పటికీ కృతజ్ఞతతో చెప్పుకుంటాను. కానీ ఈ ఏడు ఆ పూలే నా గుండెలో రాయిలా కూర్చున్నాయి. అది చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ఈసారి శ్రమల దినాలు మొదలవగానే మా కోడలు సరళ అమలాపురం నించి పాపని తీసుకుని వచ్చింది. కొత్తపేట దాటేక కాలవగట్టు మీద మా ఊరు. అమ్మా నాన్నగారూ పోయేక నేను మళ్ళీ ఈ పుట్టింట్లోనే ఉంటున్నాను. వస్తూనే పెద్ద ప్లాస్టిక్ ట్రే, రంగురంగుల గిన్నెలు, మందు చుక్కలు వేసే డ్రాపర్లు, అట్టముక్కలు, అన్నీ అరుగు మీద పరిచింది. చిన్నపిల్లలకి ఇంట్లోనే వసంతకాలపు పూలతో ఏమేం నేర్పించొచ్చో ఫోనులో చూసిందట. మాకు చిన్నప్పుడు వసంతకాలం అని వేరే తెలీదు. మామిడి పూత, వేపపూత, మల్లెమొగ్గ, మధ్యాహ్నం గంజితో సరిపెట్టుకునే శుక్రవారాలు, ఇవి వస్తే అదే వసంతం.

"అత్తయ్యగారూ, మన పెరట్లో ఏవేం పూలున్నాయండీ?" అంది.

"మందారం, నందివర్ధనం, నూరువరహాలు, కనకాంబరం, మల్లె. గోడవారగా శంఖుపూలు. గట్టు మీద పొగడచెట్టు ఉండనే ఉంది."

"పచ్చగన్నేరు లేదు కదండీ? అది విషమంట."

"దాన్ని మా మామ్మ ఎప్పుడో కొట్టించేసిందమ్మా, పిల్లలు నోట్లో పెట్టుకుంటారని."

సరళ మా పిల్లాడి భార్య అని చెప్పడం కాదు గానీ ఓపికగల మనిషి. అమలాపురంలో పిల్లలకి లెక్కలు చెబుతుంది. ఆ రోజు పొద్దున్న అరుగు మీద కూర్చుని శంఖుపూలు వేడినీళ్ళలో వేసింది. నీళ్ళు నీలంగా దిగేయి. అందులో నిమ్మరసం చుక్క వేస్తే ఊదారంగుకి తిరిగింది. పాప జెస్సీ కళ్ళింత చేసుకుని చూసి, డ్రాపరు తనే లాక్కుని రెండో గిన్నెలో వేసింది. ఎర్రవి ఒక గిన్నెలో, తెల్లవి ఒక గిన్నెలో వెయ్యమని ఒక్కసారి చేసి చూపిస్తే చాలు, మరి తప్పు పోలేదు. మందారం రేకు కాయితం మీద పెట్టి చెంచా వెనకతో రుద్దడం కూడా అంతే. మూడో ఏడు నడుస్తోంది పిల్లకి. ఇంకా ఒక్క మాట లేదు. సరళ ప్రతి పువ్వూ తన పెదాల దగ్గర పెట్టుకుని "పువ్వు. పువ్వు అనమ్మా. పు... వ్వు..." అంటోంది. జెస్సీ ఆ పెదాలనే చూసి తన పెదాలు కూడా మూసి తెరిచింది. గాలి వచ్చింది గానీ శబ్దం రాలేదు.

పక్కింటి రత్నమ్మగారు గోడ అవతల నించి చూసి నవ్వింది. "ఏటండీ సరళగారూ, పూలకొట్టు పెట్టేసేరా? మా రోజుల్లో ఈ చదువుంటే నేను కలెక్టరయ్యేదాన్నండి."

"ఇప్పుడైనా రండి పిన్నిగారూ, డ్రాపరు ఇస్తాను," అంది సరళ.

రత్నమ్మగారు వచ్చి అరుగు చివర కూర్చుంది. పాపని కాసేపు చూసి, "ఎంత బుద్ధిమంతురాలండీ! ఉలకదు, పలకదు. దేవుడి బిడ్డ," అంది. ఆ మాట నేను విని ఎన్నేళ్ళయిందో. అదే గొంతుతో, అదే మురిపెంతో అన్నట్టు అనిపించింది.

అప్పుడే కొబ్బరిమట్ట పడింది. మా అరుగు వెనక రేకుల పాక ఉంది. ఎండుమట్ట అంత ఎత్తు నించి రేకుల మీద పడితే ఎలా ఉంటుందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. రత్నమ్మగారు "ప్రభువా!" అని గుండె పట్టుకుంది. సరళ చేతిలో గిన్నె ఒలికిపోయింది. కాకులన్నీ ఒక్కసారి లేచేయి. జెస్సీ మాత్రం వంచిన తల ఎత్తలేదు. పొగడపువ్వు మధ్యలో ఉండే బెజ్జంలోకి కొబ్బరి ఈనె దూరుస్తోంది, నాలిక కొద్దిగా బయటపెట్టి.

"చూసేరా అత్తయ్యగారూ," అంది సరళ, చెయ్యి తుడుచుకుంటూ, సంతోషంగా. "ఎంత ఏకాగ్రతో! ఫోనులో చూసిన వీడియోలో ఆవిడ అదే చెప్పింది. పూలతో కూర్చోబెడితే పిల్లలకి ధ్యాస కుదురుతుందట. ధ్యాస కుదిరితే మాట అదే వస్తుందట."

నేను "ఆయ్" అన్నాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం. కాలవ దాటి బడికి నడిస్తే సాయంత్రానికి పిల్లికూతలు. అందుకని మామ్మే నాకు బడి. ఆవిడ వయసులో ఉండగా ఊరూరా తిరిగి ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పిన మనిషి. తెల్లచీర, దారం కట్టిన కళ్ళజోడు, బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. ఆవిడ పక్కన కూర్చుంటే లవంగం వాసన, తాటాకు పెట్టెలో మడిచి పెట్టిన బట్టల వాసన కలిసి వచ్చేవి. తెల్లవారగానే బుట్ట పట్టుకుని పెరట్లోకి, అక్కణ్ణించి గట్టు మీద పొగడచెట్టు కిందకి. పొగడపూలు కొయ్యక్కర్లేదు, రాలినవే ఏరుకోవాలి. చిన్న చేతులకి దేవుడు కావాలని బెజ్జం పెట్టి పంపిన పూలవి అనేది మామ్మ. సూది అక్కర్లేదు, ఈనె చాలు. కొబ్బరిచిప్పలు వరసగా పెట్టి రంగుకో చిప్ప. కళ్ళు మూసుకుని వాసన చూసి ఏ పువ్వో చెప్పాలి. నందివర్ధనం రేకులు లెక్కపెట్టాలి, తరవాత మందారం రేకులు లెక్కపెట్టి, రెండూ సమానం ఎందుకయ్యేయో ఆలోచించాలి. నూరువరహాల గుత్తిలో ఒక్కొక్క పువ్వు లాగి చివర చప్పరిస్తే తేనె. అది తప్పులేకుండా చెప్పినందుకు బహుమానం. ఈవేళ సరళ ట్రేలో పరిచినవి చూస్తే మామ్మే మళ్ళీ వచ్చి కూర్చుందా అనిపించింది. గిన్నెలు ప్లాస్టిక్కువి, అంతే తేడా.

ఆ అరుగు మీద నాతో పాటు మా తమ్ముడు చిట్టిబాబు కూడా ఉండేవాడు. నాకంటే బాగా చిన్న. మా నాన్నగారు గుళ్ళో సంఘపెద్ద. పొద్దున్నా సాయంత్రం ఇంట్లో ప్రార్థన. ఆయన ప్రార్థన మొదలెడితే వండిన అన్నం చల్లారిపోవాల్సిందే. పిల్లలం కదిలితే అమ్మ తొడ మీద గిచ్చేది. చిట్టిబాబుని మాత్రం ఎవరూ గిచ్చక్కర్లేదు. కళ్ళు విప్పుకుని, బొమ్మలా కూర్చునేవాడు. గుళ్ళో పాస్టరుగారి వాక్యం ఎంతసేపు సాగినా ఏడుపు లేదు, పేచీ లేదు. పెళ్ళి ఊరేగింపు టపాకాయలతో వీధిలో పోతుంటే మిగతా పిల్లలు అమ్మల చంకెక్కి ఏడిచేవారు. వీడు మామ్మ చీరకుచ్చెళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు. వచ్చినవాళ్ళందరూ "ఇంత పసివాడికి ఎంత భక్తండీ! ఉలకడు, పలకడు. దేవుడి బిడ్డ. ఈ పిల్లాణ్ణి సేవకి ఇచ్చేయండి," అనేవారు. అమ్మ మొహం వెలిగిపోయేది. మరో ఇంట్లో అయితే ఈ పిల్లాడికి ఏదో లోటుందని ముందే కనిపెట్టేవారేమో. మాది ప్రార్థన ఇల్లు. కదలని పిల్లాడు మాకు వరంలా కనిపించేడు.

ఒకరోజు పొద్దున్న ప్రార్థనలో, అందరూ కళ్ళు మూసుకుని ఉండగా వెనక ఇత్తడి పళ్ళెం ధన్ మని పడింది. నేను కళ్ళు తెరిచేను. నాన్నగారు ఉలిక్కిపడి మాట తడబడ్డారు. అమ్మ వెనక్కి తిరిగింది. చిట్టిబాబు చాప మీద పాకుతున్న చీమని చూస్తున్నాడు. మామ్మ పళ్ళెం దగ్గర నించుని ఉంది. ఆవిడ ఉలిక్కిపడలేదు. చిట్టిబాబునే చూస్తోంది. ఆ పళ్ళెం చెయ్యి జారి పడింది కాదని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ తరవాత ఇంట్లో తలుపులు వేసుకుని పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు. సంఘపెద్ద ఇంట్లో పుట్టు చెవుడంటే జనం ఏమంటారు, ఏ పాపానికి అని వెతుకుతారు అన్నది నాన్నగారి బాధ. "ఎవరడిగినా జొరం వచ్చి మాట పడిపోయిందని చెప్పండి," అన్నారు.

"నేనలా చెప్పలేనురా," అంది మామ్మ. "అడిగితే ఊరుకుంటాను."

మా ఇంట్లో ఆ జొరం అలా పుట్టింది. రాని జొరాన్ని అందరూ నమ్మేరు. కొన్నేళ్ళకి అమ్మ కూడా నమ్మింది, ఏ రాత్రి ఒళ్ళు కాలిందో కూడా చెప్పేది. మామ్మ మాత్రం మర్నాటి నించి పూలబుట్టని చిట్టిబాబు ముందు పెట్టింది. వాడి అరచెయ్యి తన గొంతు మీద ఆనించుకుని మాట్లాడేది. పువ్వుకో సైగ నేర్పింది. ముక్కు మీద వేలు పెడితే మల్లె. బుగ్గలు లోపలికి పీలిస్తే నూరువరహాలు. బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా కలిపితే పొగడ. తరవాత మనుషులకి కూడా అవే పేర్లయ్యేయి. అమ్మ మల్లె. నాన్నగారు మందారం. ఎప్పుడూ ఈనె పట్టుకుని దండలు గుచ్చేదాన్ని కాబట్టి నేను పొగడ. వాడు దూరం నించి రెండు వేళ్ళు కలిపి చూపిస్తే నన్ను పిలిచినట్టు. నన్ను అంత అందమైన పేరుతో ఇంకెవరూ పిలవలేదు.

అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది, ఆ తరవాత మామ్మ ప్రార్థనలో కళ్ళు మూసుకోవడం మానేసింది. నాన్నగారికి అది నచ్చేది కాదు. "దేవుడు కళ్ళు మూసుకుని చెయ్యమని ఎక్కడా చెప్పలేదురా అబ్బాయ్," అనేది. చిట్టిబాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని, వాడి మొహం చూస్తూ ప్రార్థన చేసేది.

పూలు మా తమ్ముడికి చాలా ఇచ్చేయి. కానీ పూలు చాలవు. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మామ్మ పోయేక వాడికి కొత్త మాట నేర్పినవాళ్ళు లేరు. బడి లేదు, రాత లేదు. వాడు పెద్దవాడై, పొలం పనులు చేసుకుంటూ ఉండగా ఒకసారి కడుపులో నొప్పి వచ్చింది. నేను అత్తారింటి నించి పరిగెత్తుకు వెళ్ళేసరికి పెద్దాసుపత్రిలో మంచం మీద ఉన్నాడు. డాక్టరుగారు మంచివారు, ఓపిగ్గా అడిగేరు. ఎప్పటినించి? అన్నం తిన్నాకా, తినకముందా? నొప్పి అటూ ఇటూ పోతోందా? వాడు నా మొహం చూసి ముక్కు మీద వేలు పెట్టుకున్నాడు. బుగ్గలు పీల్చేడు. రెండు వేళ్ళు కలిపి చూపించేడు, మళ్ళీ మళ్ళీ. వాడికున్న మాటలన్నీ నాకు చెప్పేడు. అన్నీ పూలే. నిన్నా మొన్నా అనడానికి మా దగ్గర పువ్వు లేదు. సంగతి డాక్టర్లకి అంతుపట్టేసరికి ఆలస్యమైపోయింది.

ఇదంతా ఆ అరుగు మీద, రేకుల మీద మట్ట పడిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉండగానే నా కళ్ళ ముందు గిర్రున తిరిగింది. రత్నమ్మగారు వెళ్ళిపోయింది. సరళ ఫోనులో తరవాతి ఆట చూస్తోంది. నా మనసు రెండుగా చీలిపోయింది. చెబితే, ఈ లోటు మా ఇంటి నించి వచ్చిందని వియ్యాలవారు అనొచ్చు. కోడలికి నా మీద ఉన్న గౌరవం పోవచ్చు. నా అనుమానం తప్పే అయితే, మాటలు రాని బిడ్డతో ఇప్పటికే నలుగుతున్న తల్లిని వట్టినే ఏడిపించినదాన్నవుతాను. చెప్పకపోతే పూలు పెట్టుకుని ఎదురుచూస్తూ ఇంకో ఏడు గడిచిపోతుంది. ఆ ఏడు మళ్ళీ ఎవరివ్వగలరు?

"సరళా, పాపని ఒకసారి చెవుల డాక్టరుకి చూపిద్దామమ్మా," అన్నాను.

తలెత్తింది. "చెవులేంటండీ? మాటలు కదా రానిది."

"మట్ట పడితే చూడలేదు కదమ్మా."

"ఆటలో ఉందండి. మీ అబ్బాయీ మూడేళ్ళు దాటేకే మాట్లాడేరని మీరే చెప్పేరు."

"వాడు మాట్లాడలేదు గానీ, పిలిస్తే తిరిగి చూసేవాడు. మా తమ్ముడు చూసేవాడు కాదు."

"మీ తమ్ముడుగారికి జొరం వచ్చి మాట పోయింది కదండీ. సంబంధం మాట్లాడినప్పుడు మావయ్యగారు మా నాన్నగారితో అదే చెప్పేరు."

"మీ మావయ్యగారికి కూడా అలాగే తెలుసమ్మా. జొరం రాలేదు. వాడు పుట్టడమే అలా పుట్టేడు."

సరళ లేచి వంటింట్లోకి వెళ్ళింది. స్టీలు పళ్ళెం తెచ్చింది. పాప వెనక్కి వెళ్ళి నించుని, నన్నోసారి చూసి, వదిలేసింది. నాకు ఇత్తడి పళ్ళేనికీ స్టీలు పళ్ళేనికీ తేడా తెలీలేదు. జెస్సీ ఈనెకి ఇంకో పువ్వు ఎక్కించింది. సరళ పళ్ళెం తీసి మళ్ళీ పడేసింది. కుక్కరు మూత తెచ్చి కొట్టింది. "జెస్సీ! జెస్సీ!" అని అరిచింది. గోడ అవతల రత్నమ్మగారు "ఏమయ్యిందండీ?" అని అడుగుతోంది. చివరికి అమ్మ నీడ ముందు పడితే పాప వెనక్కి తిరిగింది. అమ్మ కళ్ళల్లో నీళ్ళు చూసింది. కాసేపు ఆలోచించి, ఈనెకి గుచ్చిన పూలన్నీ అమ్మ చేతిలో పెట్టింది.

"అంటే నా బిడ్డకి మీ ఇంటి నించి వచ్చిందంటారు," అంది సరళ, నన్ను చూడకుండా.

"అది నాకు తెలీదమ్మా. డాక్టరుగారు చెప్పాలి."

"ఇంతకాలం ఆ జొరం కబురెందుకు చెప్పుకున్నారండీ మీరంతా?"

పాపని తీసుకుని సరళ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. ట్రే, గిన్నెలు అరుగు మీదే ఉన్నాయి. వాటిని కడిగి బోర్లించేను. ఫోను వస్తుందని చూసేను, రాలేదు. పూలు కోసుకొచ్చి ఏం చెయ్యాలో తోచక చిప్పల్లో పోసి కూర్చునేదాన్ని. ప్రార్థనకి కూర్చుంటే స్తుతి మాటలు నోటికి వచ్చేవి కావు. నేను ఎప్పుడూ ముందు కృతజ్ఞతలు చెప్పి తరవాతే అడిగేదాన్ని. ఆ రోజుల్లో అడగడం ఒక్కటే మిగిలింది. ఆదివారం మా అబ్బాయి ఫోన్ చేసేడు.

"అమ్మా, రాజమండ్రిలో చెవుల పరీక్షకి టైమిచ్చేరు. దార్లో నీ దగ్గర ఆగుతాం. ప్రార్థన చేసి పంపించు."

"సరళ ఎలా ఉంది నాయనా?"

"నీతో మాట్లాడననలేదమ్మా. ఎవరితోనూ మాట్లాడట్లేదు. పాప వెనకాల తిరిగి చప్పట్లు కొడుతోంది."

వాళ్ళు వచ్చేసరికి బాగా తెల్లవారింది. సరళ దిగి "బాగున్నారాండీ" అంది. అంతే. నేను అప్పటికే గట్టు మీద నించి పొగడపూలు ఏరి ఉంచేను. పాప దోసిట్లో పోసేను. అందరం హాల్లో నించున్నాం. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాను. మూసుకోగానే నాకు అప్పటి మా ఇల్లు కనిపించింది, చిట్టిబాబు ఉన్న చోటు నించి. అప్పటిదాకా తనని చూస్తున్న మొహాలన్నీ ఒక్కసారి తలుపులు మూసేసుకుంటాయి. పెదాలు కదులుతుంటాయి. ఎందుకో ఎవరూ చెప్పరు. పొద్దున్నా సాయంత్రం, ప్రతిరోజూ. వాడు కదలకుండా కూర్చుని ఎదురుచూసేవాడు, మేము మళ్ళీ కళ్ళు తెరిచేదాకా. దాన్నే మేం భక్తి అన్నాం.

కళ్ళు తెరిచేను. మా అబ్బాయి కళ్ళు మూసుకుని ఉన్నాడు. సరళ కళ్ళు తెరిచే ఉన్నాయి. పాపనే చూస్తోంది. నేను వంగి జెస్సీని ఎత్తుకున్నాను. దోసిట్లో పూలు కొన్ని రాలేయి. ఆ చిన్న అరచెయ్యి తీసుకుని నా గొంతు మీద ఆనించుకున్నాను. సరళ చూసింది గానీ వద్దనలేదు. దగ్గరగా జరిగింది.

పాప మొహం చూస్తూ మొదలుపెట్టేను. తండ్రీ, ఈ పొద్దుకి స్తోత్రం. మా పెరట్లో పూలకి స్తోత్రం. మా మామ్మకి, మా తమ్ముడికి స్తోత్రం. ఆ రోజుల్లో మాకు దొరకని డాక్టర్లు, యంత్రాలు ఈ బిడ్డకి దొరుకుతున్నందుకు స్తోత్రం. ఈవేళ వాళ్ళు ఏం చెప్పినా... అక్కడ నా గొంతు ఆగిపోయింది. ఏం చెప్పినా ఏమిటో నాకు రాలేదు. మా అబ్బాయి నేను మనసులో చేసుకుంటున్నాననుకున్నట్టున్నాడు, అలాగే తల వంచుకుని ఉన్నాడు. గొంతు ఆగిందని తెలిసింది జెస్సీకే. నా పెదాల వైపు చూసింది, తన చేతి వైపు చూసింది. పొగడపూల వాసన వేసే ఆ అరచేత్తో నా మెడ మీద తట్టింది, ఇంకా, అన్నట్టు.